నది దాటే దాడిలో సార్జెంట్ పని ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండో ప్రపంచ యుద్ధంలో నదులు దాటిన పోరాటాల్లో సార్జెంట్లకు వచ్చిన పతకాల ప్రశంసాపత్రాలు చూస్తే ధైర్యం, నాయకత్వం అనే రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ధైర్యం సరే. పైన లెఫ్టినెంట్లు, కెప్టెన్లు ఉండగా సార్జెంట్ నాయకత్వం ఏమిటి? కమాండో దళాల్లో ఇది ఇంకా ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది?

ముందుగా నా జవాబు చెప్పేస్తాను. నది దాటే దాడిలో సార్జెంట్ నాయకత్వం కనిపించేది అవతలి ఒడ్డున కాలు పెట్టాక వచ్చే మొదటి పది పదిహేను నిమిషాల్లో. నది ఏ దళాన్నైనా ముక్కలు చేస్తుంది. ఇవతలి ఒడ్డున ఒక కంపెనీగా (వందమందికి పైబడిన దళంగా) బయల్దేరినవాళ్లు అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎనిమిది మంది ఒకచోట, పదిమంది మరోచోట, ఆఫీసరు ఎక్కడున్నాడో తెలియని స్థితిలో ఉంటారు. ఆ ముక్కల్ని మళ్లీ దళంగా కట్టే మనిషి సార్జెంట్. కట్టగలిగితే దాడి బతుకుతుంది. లేకపోతే ఎంత ధైర్యవంతులున్నా ఒడ్డు కిందే చచ్చిపోతారు.

బ్రిటిష్ సార్జెంట్ మన సైన్యంలో హవల్దార్‌కు సమానం. మామూలు పదాతిదళంలో ముప్పై మందికి పైబడిన ప్లాటూన్‌కు ఒక యువ ఆఫీసరు, ఆయన తర్వాత ఒక సార్జెంట్ ఉంటారు. కమాండోల అమరిక వేరు. అక్కడ ఒక ట్రూప్‌లో ముగ్గురు ఆఫీసర్లు, అరవై మందికి కొంచెం పైన సైనికులు. ట్రూప్‌ను రెండు సెక్షన్లుగా, ఒక్కో సెక్షన్‌ను మళ్లీ రెండు సబ్‌సెక్షన్లుగా విడగొడతారు. సబ్‌సెక్షన్ సార్జెంట్ చేతిలో ఉంటుంది. అంటే పదిహేను మంది మీద పూర్తి అధికారంతో, పై ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా పనిచేయడం ఆయనకు శిక్షణ నాటినుంచే అలవాటు. మీ ప్రశ్నలో రెండో సగానికి చాలావరకు జవాబు ఇదే.

పడవల్లో మనుషుల్ని ఎలా సర్దుతారో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ప్లాటూన్ మూడు పడవల్లో వెళ్తుందనుకుందాం. ఆఫీసరు ఒక పడవలో, సార్జెంట్ మరో పడవలో ఎక్కుతారు. ఇద్దరూ ఒకే పడవలో ఎక్కకూడదన్నది కచ్చితమైన నియమం, ఎందుకంటే ఒక్క మోర్టార్ గుండుతో నాయకత్వం మొత్తం పోకూడదు. మెషిన్ గన్‌లు కూడా అంతే, రెండు గన్‌లు ఒకే పడవలో ఉండవు. గన్ ఒక పడవలో, దాని గుండ్ల పెట్టెలు ఇంకో పడవలో వేసి పంపినవాళ్లు అవతలి ఒడ్డున ఖాళీ గన్‌తో మిగిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి ప్రతి పడవా ఒంటరిగా దిగినా పోరాడగలిగేలా నింపాలి. ఆ సరుకు లెక్క చూసేది సార్జెంటే.

ఇప్పుడు నీళ్ల సంగతి. తెడ్లతో నడిపే దాడి పడవ, బరువుతో నిండి ఉన్నప్పుడు, చీకట్లో, సెకనుకు ఒక మీటరు పోతే బాగా పోయినట్టే. నది వెడల్పు 100 మీటర్లు, ప్రవాహం కూడా సెకనుకు ఒక మీటరు అనుకోండి. దాటడానికి వంద సెకన్లు పడుతుంది, ఆలోపు పడవ వంద మీటర్లు కిందికి కొట్టుకుపోతుంది. గోదావరిలో సరంగు అవతలి రేవుకు పైన గురిపెట్టి పడవ నడిపినట్టే ఇక్కడా ఎగువ నుంచి బయల్దేరాలి. పడవ మూతిని మాత్రం మరీ ఎగువకు తిప్పి ప్రవాహంతో కుస్తీ పట్టకూడదు. అలా చేస్తే నది మధ్యలో గడిపే సమయం రెట్టింపవుతుంది, మెషిన్ గన్‌కు దొరికే సమయమూ రెట్టింపవుతుంది. కొట్టుకుపోవడాన్ని ముందే లెక్కగట్టి, ఆ మేరకు ఎగువన నీళ్లలో దిగి, మూతిని అవతలి ఒడ్డు వైపే ఉంచి తెడ్డు వేయడం సరైన పద్ధతి. ప్రవాహం సెకనుకు ఒకటిన్నర మీటరు దాటితే తెడ్ల మీద ఆశ వదులుకుని మోకు కట్టి లాగడమో, ఇంజన్ పడవలు వాడడమో చేయాలి.

సన్నటి నది సులువు అనుకోవడం పెద్ద పొరపాటు. వెడల్పాటి నదిలో ఒడ్డు సాధారణంగా ఇసుక మేటలతో వాలుగా ఉంటుంది. సన్నటి, లోతైన, వేగమైన నదికి గట్లు గోడల్లా నిలువుగా ఉంటాయి. పడవను గట్టు మీది నుంచి నీళ్లలోకి దించేటప్పుడే ప్రవాహం దాన్ని అడ్డంగా తిప్పేస్తుంది. సగం మంది ఎక్కిన పడవ అడ్డం తిరిగితే అక్కడికక్కడే బోల్తా కొడుతుంది. ఇటలీలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ నది గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఒకే నది, ఒకే ఊరు, నాలుగు నెలల తేడాలో రెండు దాడులు. ఒకటి ఘోరంగా విఫలమైంది, రెండోది నిలిచింది.

ఊరు సాంతాంజెలో, కాసినోకు దక్షిణాన. నదిని అమెరికన్లు రాపిడో అన్నారు, ఆ ఊరి దగ్గర దాని స్థానిక పేరు గారి. 1944 జనవరి 20 రాత్రి అమెరికా 36వ డివిజన్ దాన్ని దాటడానికి దిగింది. ఊరికి ఎగువన 141వ రెజిమెంట్, దిగువన 143వ రెజిమెంట్. వెడల్పు 25 నుంచి 50 అడుగులే. లోతు 8 నుంచి 12 అడుగులు, ఉరవడి ఎక్కువ, చలికాలపు నీళ్లు. అవతల జర్మన్ 15వ పాంజర్ గ్రెనేడియర్ డివిజన్ (వాహనాల మీద కదిలే పదాతిదళం) మెషిన్ గన్‌లను ముందే గురిపెట్టి సిద్ధంగా ఉంది.

నదికి ఇవతలి నేలంతా బురద. లారీలు నది దాకా రాలేవు. అందుకని పడవల్ని చాలా వెనక దింపి సైనికుల చేత మోయించారు. అమెరికన్ ఎం2 ప్లైవుడ్ పడవ బరువు 410 పౌండ్లు, అంటే 186 కిలోలు. పన్నెండు మంది మోస్తే తలకు పదిహేను కిలోలకు పైగా. దానికి తోడు ఎవరి తుపాకీ, గుండ్లు, గ్రెనేడ్లు వాళ్లకు ఉండనే ఉన్నాయి. పొగమంచులో, మందుపాతరల మధ్య, టేపు కట్టిన సన్నటి దారిలో ఆ మోత. జర్మన్ గుండ్లకు టేపులు తెగిపోయాయి. దారి తప్పినవాళ్లు మందుపాతరల మీద కాలు వేశారు. పడవలకు ఇవతలే చిల్లులు పడ్డాయి, నీళ్లలో దించాక గానీ ఆ సంగతి తెలియలేదు. నది చేరేలోపే దళాలు చెల్లాచెదురయ్యాయి. దాటినవాళ్లు తక్కువ. దాటినవాళ్లకు వెనక నుంచి ట్యాంకు గానీ, బరువు మోసే వంతెన గానీ రాలేదు. టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. 21న రెండోసారి ప్రయత్నించారు. 22 సాయంత్రానికి అవతలి ఒడ్డున అమెరికన్ తుపాకుల చప్పుడు ఆగిపోయింది. డివిజన్ నష్టం 1,681 మంది. అందులో 875 మంది ఆచూకీ లేనివాళ్లు, వాళ్లలో చాలామంది బందీలయ్యారు. 1946లో దీని మీద అమెరికన్ కాంగ్రెస్ విచారణ కూడా జరిపింది.

ఈ పరాజయంలోనే సార్జెంట్ పని అంటే ఏమిటో చూపించే అతి స్పష్టమైన ఉదాహరణ ఉంది. 143వ రెజిమెంట్ ఎఫ్ కంపెనీలో స్టాఫ్ సార్జెంట్ థామస్ మెకాల్. కమాండో కాదు, మామూలు పదాతిదళం మనిషి. ఆయన చేతిలో మెషిన్ గన్ సెక్షన్, అంటే రెండు గన్‌లు, వాటిని నడిపే రెండు జట్లు ఉన్నాయి. ఆ కంపెనీ మంచు గడ్డకట్టిన సన్నటి కాలి వంతెన మీదుగా, దాని మీద గుండ్లు పడుతుండగానే నది దాటింది. అవతల దిగేసరికి చాలామంది పడిపోయారు. ఆయనకు వచ్చిన అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రశంసాపత్రం జరిగింది జరిగినట్టు వరసగా చెబుతుంది, ఆ వరసను గమనించాలి. ముందు ఆయన గుండ్ల మధ్య నిలబడి, చెదిరినవాళ్లను కూడగట్టి, మళ్లీ పోరాడే దళంగా చేశాడు. తర్వాత వాళ్లను బురద మైదానం మీదుగా, ముళ్లకంచె లోంచి దాటించి ఒక రోడ్డు దాకా తీసుకెళ్లాడు. అక్కడ రెండు గన్‌లకు బెటాలియన్ ముందుభాగమంతా కాచేలా చోట్లు చూసి స్వయంగా పెట్టించాడు. ఒక గన్ దగ్గర గుండు పడి గన్ నాశనమైంది, సహాయకుడు చనిపోయాడు, గన్నర్ గాయపడ్డాడు. మెకాల్ పాక్కుంటూ వెళ్లి ప్రథమ చికిత్స చేసి, ఇంకొకరి సాయంతో అతన్ని మాటుకు లాగాడు. ఈలోగా రెండో గన్ వాళ్లూ గాయపడ్డారు. సెక్షన్‌లో ఆయన ఒక్కడే మిగిలాడు. అప్పుడు, ఆ తర్వాతే, గన్‌ను నడుముకు ఆనించుకుని ఒంటరిగా ముందుకు పరుగెత్తాడు. 30 గజాల దూరంలోంచి మొదటి జర్మన్ మెషిన్ గన్‌ను, తర్వాత రెండోదాన్ని నోరు మూయించాడు. వాటికి 50 గజాల వెనక ఉన్న మూడోదాని మీదికి కాలుస్తూ పోతుండగా చూసినవాళ్లకు ఆయన మళ్లీ కనబడలేదు. ఆయన బందీగా దొరికాడని, బతికే ఉన్నాడని తర్వాత తెలిసింది.

అందరూ చివరి భాగాన్నే గుర్తుపెట్టుకుంటారు. నా లెక్కలో అసలు విలువ మొదటి మూడు పనులది: కూడగట్టడం, దారి చూపడం, గన్‌లకు చోటు చూడడం. ఒంటరిగా పరుగెత్తడం సెక్షన్ అంతా పోయాక చేసిన పని. సెక్షన్ ఉన్నంతసేపూ ఆయన తుపాకీ పట్టిన వీరుడిలా కాక సార్జెంట్‌లా పనిచేశాడు. కానీ ఆయన అంత చేసినా దాడి ఓడిపోయింది. అవతలి ఒడ్డున సార్జెంట్ కూడగట్టిన దళానికి గుండ్లు, ట్యాంకులు, వంతెన అందించాల్సింది పైవాళ్లు. ఆ పథకమే లేకపోతే కింద ఎంత నాయకత్వం ఉన్నా నది మింగేస్తుంది. రాపిడో గురించి మాట్లాడేటప్పుడు ఈ బాధ్యతను సైనికుల మీద వేసే రాతలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అదే సాంతాంజెలో దగ్గర మే 11 రాత్రి మన 8వ ఇండియన్ డివిజన్ దిగింది. ఈసారి తేడాలు చూడండి. నేల ఆరింది. కాసినో నుంచి సముద్రం దాకా ఒకేసారి దాడి మొదలైంది కాబట్టి జర్మన్లు ఫిరంగులన్నీ ఒకే రేవు మీదికి తిప్పలేకపోయారు. రాత్రి 11 గంటలకు మిత్రసేనల ఫిరంగులు 1,600కు పైగా ఒక్కసారి మోగాయి. ముక్కాలు గంట తర్వాత పడవలు నీళ్లలో దిగాయి. అయినా నది మారలేదు. ప్రవాహం పడవల్ని లాక్కుపోయింది, పొగ, మంచు కలిసి చెయ్యి చాచితే కనబడనంతగా కమ్ముకున్నాయి, అవతల దళాలు మళ్లీ ముక్కలయ్యాయి. ఈసారి తేడా తెచ్చింది వంతెనలు. రాత్రంతా శాపర్లు, అంటే వంతెనలు కట్టే ఇంజనీర్ సైనికులు, పనిచేసి మర్నాడు మధ్యాహ్నం లోపే ట్యాంకులు పోయే రెండు వంతెనలు నిలబెట్టారు. వాటిలో ప్లిమత్ అనేదాన్ని ఒక ట్యాంకు వీపున మోసి, మరో ట్యాంకు వెనక నుంచి తోసి నదికి అడ్డంగా వేశారు. కెనడా కాల్గరీ ట్యాంకు రెజిమెంట్‌తో ఉన్న కెప్టెన్ టోనీ కింగ్స్‌మిల్ ఆలోచన అది. మే 13న ఊరు గూర్ఖాల చేతికి వచ్చింది.

మే 12 తెల్లవారి అవతలి ఒడ్డున చేసిన పోరాటానికి 8వ పంజాబ్ రెజిమెంట్ మూడో బెటాలియన్ సిపాయి కమల్ రామ్‌కు బ్రిటిష్ అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఎదురుగా, పక్కలనా నాలుగు మెషిన్ గన్ పోస్టులు కంపెనీని కదలనివ్వడం లేదు. కుడివైపు పోస్టు వెనక్కి చేరడానికి ఎవరొస్తారని కంపెనీ కమాండర్ అడిగితే ఆయన ముందుకొచ్చాడు. కంచె లోంచి పాకి మొదటి పోస్టును, తర్వాత రెండోదాన్ని ఒంటరిగా తీసేశాడు. మూడో పోస్టు దగ్గర జరిగిందే మన ప్రశ్నకు అవసరం. అప్పటికే ఒక హవల్దార్ ఆ పోస్టు మీద దాడికి దారి వెతుకుతున్నాడు. కమల్ రామ్ ఆయన్ని కలుసుకుని, ముందు ఆయనకు కాపుగా కాల్చి, తర్వాత తాను లోపలికి చొరబడి ఆ పోస్టును ముగించాడు. ఆజ్ఞ ఎవరూ ఇవ్వకుండానే, కంపెనీ ఇంకా నేలకు అతుక్కుని ఉండగానే, ఆ హవల్దార్ తర్వాతి లక్ష్యాన్ని ఎంచుకుని దాని చుట్టూ తిరిగి చూస్తున్నాడు. పతకాల కథలో ఆయనది ఒక్క వాక్యమే. కానీ నది దాటాక దాడిని ముందుకు జరిపేది ఆ పనే.

ఇప్పుడు కమాండోల దగ్గరికి. 1945 మార్చి 23 రాత్రి, జర్మనీలో రైన్ నది మీద వెసెల్ పట్టణం. బ్రిగేడియర్ డెరెక్ మిల్స్ రాబర్ట్స్ కింద 1వ కమాండో బ్రిగేడ్: 3, 6 నంబర్ ఆర్మీ కమాండోలు, 45, 46 రాయల్ మెరైన్ కమాండోలు (ఇక్కడ ఒక్కో నంబరు కమాండో అంటే కొన్ని ట్రూపులున్న ఒక దళం). పట్టణానికి ఎదురుగా దాటకుండా దానికి పడమట రెండు మైళ్ల దూరంలో దాటారు. రాత్రి 10 గంటలకు 46 కమాండో బఫెలోలలో బయల్దేరింది. బఫెలో నీళ్లలోనూ నేల మీదా పోయే గొలుసు చక్రాల వాహనం, ఒక్కోదానిలో ముప్పై మంది దాకా పడతారు, అవతలి ఒడ్డు ఎక్కాక కూడా ఆగకుండా పోతుంది. 6 కమాండోకు ఇంజన్ బిగించిన స్టార్మ్ బోట్లు వచ్చాయి. వాటిలో కొన్నిటి ఇంజన్లు మొరాయించాయి, కొన్ని మునిగాయి. పదిన్నరకు దాదాపు 200 లాంకాస్టర్ బాంబర్ విమానాలు పట్టణం మీద వెయ్యి టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. అప్పటికి కమాండోలు దానికి మైలు లోపే ఉన్నారు. అంత దగ్గరలో అంత బాంబు దాడికి ఒప్పుకోవడమే పెద్ద సాహసం. ఉద్దేశం ఏమిటంటే కాపలా దళం తేరుకునేలోపే వీళ్లు ఊళ్లో ఉండాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది తెల్ల టేపు. 6 కమాండో ముందు నడుస్తూ నేల మీద తెల్ల టేపు పరుచుకుంటూ పోయింది. బ్రిగేడ్ మొత్తం, దాదాపు 1,600 మంది, దాని వెంట ఒకే వరసలో నడిచి పట్టణంలోకి వెళ్లారు. రాపిడోలో టేపు తెగితే ఏమైందో చూశాం. టేపు వేయడం పిల్లల పని కాదు. ముందు జట్టులో ఒకడు దిక్సూచి పట్టి దిక్కు చెబుతాడు, ఒకడు అడుగులు లెక్కపెడతాడు, ఒకడు టేపు వదులుతాడు, ఇంకొకడు దాన్ని నేలకు బిగిస్తాడు. సార్జెంట్లు వరసలో అక్కడక్కడా ఉండి, తెగినచోట కొత్త ముక్క కట్టిస్తూ, వెనక సందు పడకుండా చూస్తారు. చీకట్లో ఒకే వరసలో నడిచేటప్పుడు వచ్చే పెద్ద ప్రమాదం వరస మధ్యలో తెగడం. ముందున్నవాడు కొంచెం వేగం పెంచితే యాభై మంది తర్వాత ఉన్నవాడు పరుగెత్తాల్సి వస్తుంది, వాడు మూలుగుతూ కూర్చుంటే వాడి వెనక ఉన్నవాళ్లంతా యుద్ధానికి లేనట్టే. అందుకే గట్టు, కాలువ, కంచె లాంటి ప్రతి అడ్డంకి దాటాక ముందువాళ్లు ఆగుతారు. వెనక నుంచి లెక్క ఒక్కొక్కరి భుజం తట్టుతూ ముందుకు వస్తుంది. లెక్క సరిపోయాకే కదులుతారు.

వెసెల్ లోపల వీధులే లేవు, శిథిలాల గుట్టలు. పటం పనికిరాలేదు. ట్యాంకుల్లేవు, వాహనాల్లేవు, వీపున మోసుకెళ్లిన గుండ్లే ఉన్నాయి. అలాంటిచోట పెద్ద ఆజ్ఞలు నడవవు. ఇల్లిల్లూ, మూలమూలా పది పదిహేను మంది జట్లు సొంతంగా తేల్చుకోవాలి. సార్జెంట్ల సబ్‌సెక్షన్లు అందుకే పుట్టాయి. మర్నాడు ఎదురుదాడులు వచ్చినప్పుడు పడమటి ఒడ్డునున్న బ్రిటిష్ ఫిరంగులు వాటిని చెదరగొట్టాయి, అమెరికన్ 17వ ఎయిర్‌బోర్న్ డివిజన్ వచ్చి కలిసింది. బ్రిగేడ్ నష్టం వంద లోపే. ఆ తర్వాత ఇదే బ్రిగేడ్ ఏప్రిల్‌లో వేజర్, ఆలర్ నదులు దాటింది, ఏప్రిల్ 29న లావెన్‌బర్గ్ దగ్గర ఎల్బ్ దాటి నిటారు గట్టు ఎక్కింది. ఐదారు వారాల్లో నాలుగు నదులు దాటిన ఆ సార్జెంట్ల అనుభవానికి సాటి దొరకడం కష్టం.

స్టార్మ్ బోట్ల ఇంజన్లు ఎందుకు మొరాయిస్తాయో కూడా చెప్పాలి, ఎందుకంటే 1945 ఫిబ్రవరి 14న బర్మాలో ఐరావతి నది మీద, న్యాంగు దగ్గర, 7వ ఇండియన్ డివిజన్‌కూ ఇదే దెబ్బ తగిలింది. మొదటి కంపెనీ చీకట్లో తెడ్లతో చప్పుడు లేకుండా దాటి గట్లు పట్టుకుంది. వెనక రావాల్సినవాళ్ల ఇంజన్లు అంటుకోలేదు, కొన్ని పడవలు కారాయి, తెల్లవారిపోయింది. వెలుగులో ప్రవాహానికి కొట్టుకుపోతున్న పడవల మీద జపాన్ మెషిన్ గన్‌లు కాల్చాయి. తర్వాత ట్యాంకులు, ఫిరంగులు, విమానాలు కాపు కాస్తుండగా 15వ పంజాబ్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ దాటి పరిస్థితి నిలబెట్టింది.

అలాంటి బోటు ఇంజన్లలో పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. ఆయిల్ పాలు ఎక్కువైతే ప్లగ్ మసిబారి నిప్పురవ్వ రాదు, తక్కువైతే ఇంజన్ బిగుసుకుపోతుంది. చప్పుడు వినబడుతుందని ముందుగా నడిపి చూడరు, కాబట్టి లోపం నది మధ్యలో బయటపడుతుంది. అవతల ఇసుక తిన్నెకు ప్రొపెల్లర్ తగిలితే అందులోని చిన్న పిన్ను విరుగుతుంది. ఇంజన్ అరుస్తుంది గానీ పడవ కదలదు. అందుకే ప్రతి పడవలో విడి ప్లగ్, విడి పిన్నులు, పట్టుకారు, వాటితోపాటు ఇంజన్ ఉన్నా సరే తెడ్లు ఉండాలి. ఇంజన్ ఆగిన పడవలో తెడ్లు లేకపోతే అది ప్రవాహం ఆస్తి. ఫిరంగుల మోత మొదలయ్యాకే ఇంజన్లు అంటించడం చప్పుడు దాచే మంచి పద్ధతి.

పడవ ఎక్కేముందు సార్జెంట్ తనిఖీ చేసేవి చాలా చిన్న విషయాలు, ప్రాణాలు నిలిపేవి అవే. హెల్మెట్ గడ్డం పట్టీ విప్పి ఉండాలి. వీపు సంచి పట్టీలు ఒక్క లాగుతో ఊడేలా వదులు చేయాలి. తుపాకీ ఒంటికి కట్టుకోకూడదు. తేలే బెల్టు చంకల కింద ఉండాలి గాని నడుముకు కాదు, నడుముకుంటే బరువు సంచి ఉన్న మనిషి తలకిందులవుతాడు. పడవ అడుగున కాలు వేసే చోట గ్రెనేడ్లు వదిలేయకూడదు. మోకాళ్ల మీద కూర్చోవాలి, ఎవరూ నిలబడకూడదు. పడవ ఒడ్డుకు తగలగానే ముందున్నవాడు గెంతితే పడవ వెనక్కి పోతుంది, వెనకవాళ్లు లోతులో పడతారు. మూతిని ఇద్దరు పట్టుకున్నాకే మిగతావాళ్లు ఇటొకరు అటొకరుగా దిగాలి.

అవతల దిగాక సహజంగా ప్రతి మనిషీ గట్టు కింద ఒదిగి కూర్చుంటాడు. నిలువు గట్టు తూటాల నుంచి కాపాడుతుంది గనుక అక్కడ క్షేమంగా అనిపిస్తుంది. శత్రువు మోర్టార్లు ముందే గురిపెట్టి ఉంచేది సరిగ్గా ఆ చోటే. తర్వాతి పడవలు దిగేది కూడా అక్కడే, గుంపు పెరిగేకొద్దీ ఒక్క గుండుకు పోయే ప్రాణాలు పెరుగుతాయి. సార్జెంట్ గొంతు వినబడాల్సిన క్షణం ఇది. తన పడవ వాళ్లే కాకపోయినా, ఏ కంపెనీ వాళ్లైనా, కంటికి కనిపించిన ప్రతివాణ్నీ తన జట్టులోకి తీసుకుని గట్టు నుంచి కనీసం వంద గజాలు ముందుకు నెట్టాలి. పేర్లు తెలియకపోతే తాకి, చూపించి, మూడు మాటల్లో పని అప్పజెప్పాలి: నువ్వు, ఆ చెట్టు, ఎడమవైపు. గాయపడినవాణ్ని వెనక్కి మోసే పని పోరాడే మనిషికి ఇవ్వకూడదు. ఒక్క గాయపడినవాడి వెంట నలుగురు మాయమవుతారు. స్ట్రెచర్ వాళ్లు వచ్చేదాకా మాటులో పెట్టి ముందుకు పోవాలి. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ గట్టు మీది మెషిన్ గన్‌ను తీసేస్తేనే ఆ గాయపడినవాడి పడవ వెనక్కి పోగలదు.

పడవ వెనక్కి పోవడం అన్నానుగా, చాలామంది పట్టించుకోని సంగతి అదే. పడవ బాధ్యత పదాతిదళానిది కాదు, శాపర్లది. మొదటి విడత దిగాక అదే పడవను వాళ్లు వెనక్కి తెడ్డేసుకుని పోవాలి, ఖాళీ పడవలో, గుండ్ల మధ్య, మళ్లీ మళ్లీ. మొదటి విడతలో పడవలు పోతే రెండో విడతకు దారి లేదు, అవతలివాళ్లు ఒంటరివాళ్లు. రాపిడోలో జరిగింది అదే. మన దేశంలో ఈ పనిలో తరతరాలుగా ఉన్నది బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, అంటే మద్రాస్ శాపర్స్. తెలుగు జిల్లాల నుంచి ఎంతోమంది అందులో చేరారు, ఇప్పటికీ చేరుతున్నారు. శాపర్ హవల్దార్ శత్రువును కాల్చిన సంఖ్యతో పతకం తెచ్చుకోడు. ఎన్నిసార్లు నది దాటించి వెనక్కి వచ్చాడన్నదే ఆయన లెక్క.

కాబట్టి ఇకపై ఏ ప్రశంసాపత్రం చదివినా మూడు విషయాలు వెతకండి. ఆ సార్జెంట్ ఎవరిని కూడగట్టాడు: తనవాళ్లనేనా, చెదిరిన వేరే దళాల వాళ్లను కూడానా? ఆఫీసరు పడిపోయాడని రాసి ఉంటే, ఆ తర్వాత దళం ముందుకు కదిలిందా, ఉన్నచోట ఆగిందా? ఆయన ఒంటరిగా చేసిన సాహసం దళం ఉండగా చేసిందా, దళమంతా పోయాక చేసిందా? మెకాల్ పత్రంలో ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. చాలా పత్రాల్లో నాయకత్వం అనే మాట ఉంటుంది గానీ దాని కింద జరిగిన పని ఉండదు. అలాంటప్పుడు ఆ దళపు యుద్ధ దినచర్య పుస్తకం తీసి, అదే రాత్రి అదే రేవులో ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, తెల్లవారేసరికి అవతల ఎంతమంది ఏ చోట ఉన్నారో చూడండి.